బల్లకి రెండు మార్కులు

"మీ మేడం గారు పోయారంటండి, తెల్సా?" అని అడిగాడు గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు కోసే సత్తిబాబు.

ఏ మేడం గారని అడగబోయాను. అతనప్పటికే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, పక్కనున్న మోటారు సైకిలు సీటుని రెండు చేతులతో పట్టుకుని, పెదాలు కదుపుతూ నిలబడి చూపించాడు. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది.

"ఎప్పుడండి?"

"నెల దాటిందంటండి. ఆళ్ళూరు జంగారెడ్డిగూడెంలోనే. మొన్న ఆవిడ తాలూకు ఆయనెవరో పంటెక్కి, మా పిన్ని రోజూ దీని మీదే ఎళ్ళేదంటగా అనడిగాడు. ఆయ్, ఎళ్ళేవారండి, కానీ గోదారిని మాత్రం ఒక్కసారీ చూళ్ళేదండి అన్నాను."

నవ్వొచ్చింది. అవతలి ఒడ్డు చేరేదాకా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. అక్కడి కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేయడం నా పని. ఆ రోజు రెండు పుస్తకాలకు ఒకే నంబరు వేశాను. సాయంత్రం ఇంటికొచ్చి డైరీ తెరిచాను. ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఏదున్నా నాకు అదే దారి. తీరా రాయబోతే ఆవిడ గురించి నాకు తెలిసిందేమిటి? పుట్టిన సంవత్సరం తెలియదు. ఇంట్లో ఎవరెవరున్నారో తెలియదు. ఎక్కడ చదువుకున్నారో, ఎప్పుడు రిటైరయ్యారో తెలియదు. తెలిసినవన్నీ చిన్న చిన్నవి. అవే రాస్తున్నాను.

ఆవిడ మా హైస్కూలుకి తణుకు నుంచి బదిలీ మీద వచ్చారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మాది గోదావరి పాయల మధ్యనున్న లంక ఊరు. ఊళ్ళోనే ఇల్లు చూసిపెడతానని హెడ్మాస్టరు గారు అంటే, "చుట్టూ నీళ్ళుంటే నాకు నిద్ర పట్టదండి. మాది మెట్ట. మా ఊళ్ళో నీళ్ళంటే బోర్లో నీళ్ళే" అన్నారట. అందుకని అవతలి ఒడ్డున గది తీసుకున్నారు. నీళ్ళ మధ్య పడుకోవడం తప్పించుకోవడానికి రోజుకి రెండుసార్లు నీళ్ళ మీద ప్రయాణం పెట్టుకున్నారన్నమాట. ఇందులోని తిరకాసు ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఒప్పుకునేవారు కాదు.

పొట్టి మనిషి. కళ్ళజోడుకి నల్లతాడు. ఎడమ భుజం మీద ఎప్పుడూ సుద్ద మరక. ఆడపిల్లలైనా మగపిల్లలైనా ఆవిడకి అందరూ "నాయనా"యే. బల్ల మీద చిన్న స్టీలు డబ్బా ఉండేది. దాంట్లో మెట్ట నుంచి తెచ్చిన జీడిపప్పు. సరైన జవాబు చెబితే ఒక బద్ద. తప్పు జవాబైనా, అంతకు ముందు ఎవరూ చెప్పని తప్పైతే రెండు బద్దలు. "తప్పైతే అయింది నాయనా, కొత్త తప్పు చెప్పావు" అనేవారు. ఆ రెండో బద్ద కోసం మా క్లాసు మగపిల్లలు పడ్డ కష్టం చదువు కోసం పడుంటే ఈపాటికి కలెక్టర్లయ్యేవారు.

నేను క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. జవాబు తెలిసేది. లేచి నిలబడితే పైకి అనలేకపోయేదాన్ని. మిగతా మాస్టార్లు నన్ను నిలబెట్టి, కాసేపు చూసి, కూర్చోమనేవారు. ఈవిడ నన్నెప్పుడూ నిలబెట్టలేదు. నా పక్కకి వచ్చి, తల నా వైపు కాస్త వంచి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవారు. బయటెవరో మాట్లాడుతుంటే వింటున్నట్టుండేది చూసేవాళ్ళకి. నేను గొణిగేదాన్ని. ఆవిడ తలాడించి ముందుకి నడిచేవారు. నడుస్తూనే వెనక్కి చెయ్యి చాపి బద్ద ఇచ్చేవారు.

ఆ ఏడు మా ఇంగ్లీషు పాఠాల్లో ఒక పాత గ్రీకు కావ్యాన్ని నాలుగు పేజీలకు కుదించి పెట్టారు. యుద్ధం గెలిచిన రాజొకడు తన మనుషులతో పడవలెక్కి ఇంటికి బయలుదేరతాడు. దారి తప్పి, ఏళ్ళ తరబడి సముద్రంలో తిరిగి తిరిగి, చివరికి ఇల్లు చేరతాడు. అదీ కథ. మిగతా స్కూళ్ళలో రెండు పీరియడ్లలో ముగించేసి ప్రశ్నలు, జవాబులు రాయించారు. మా మేడం గారు నెలన్నర చెప్పారు. అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఆవిడ సంచిలో ఉండేది. నాలుగు పేజీల్లో లేనిదంతా అందులోంచి వచ్చేది.

"ఇందులో పేర్లు పలకబోతే మన నాలుకలు ముడి పడతాయి. పేర్ల సంగతి పరీక్షల ముందు చూసుకుందాం. అప్పటిదాకా రాజు, రాణి, రాక్షసుడు. సరేనా నాయనా?" అన్నారు మొదటి రోజే. ఆ తరువాత క్లాసుని పడవలుగా విడగొట్టారు. ఒక్కో బల్ల ఒక్కో పడవ. పడవకి అయిదుగురు. మా పడవలో నేను, మంగ, శ్రీను, ఇంకో ఇద్దరు.

మంగ వాళ్ళది చేపల వేటకెళ్ళే కుటుంబం. గట్టి గొంతు, గట్టి చేతులు. శ్రీను వాళ్ళ నాన్నకి రైసుమిల్లు ఉంది. వాడికి నోరుంది. పడవ నడిపే సరంగు ఎవరనే ప్రశ్న మా బల్ల మీద రాలేదు. మంగ అప్పటికే చివర కూర్చుని మమ్మల్ని జరగమంటోంది.

"నువ్వు మాట్లాడవు కదా, రాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం జరిగిందో పడవ పుస్తకంలో రాయి" అని నాకు పని ఒప్పజెప్పింది. రోజూ ఇంటి దగ్గర నేను చేసే పని అదేనని దానికి తెలియదు.

ఆ నెలన్నరలో మేమేం చేయలేదు! యూరియా సంచిలో గాలి నింపి మూతి కట్టి, అది రాజుకి ఎవరో కానుకిచ్చిన గాలుల మూట అన్నాం. విప్పొద్దని మేడం గారు చెప్పిన మరుక్షణం శ్రీను విప్పాడు. "చూశారా, అప్పుడూ ఇలాగే జరిగింది" అని ఆవిడ చప్పట్లు కొట్టారు. ఒంటికన్ను రాక్షసుడికి పెద్ద వెదురు బుట్ట తల, టార్చిలైటు కన్ను. ఆటస్థలంలో ముగ్గుపిండితో సముద్రం గీసి రాజు దారంతా గుర్తులు పెట్టాం. ఒక్కో దీవికి మా చుట్టుపక్కల లంకల పేర్లు పెట్టేశాం. మా డ్రిల్లు మాస్టారు ఆ ముగ్గుని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళడం నాకింకా గుర్తే.

అన్నిటికంటే ఎక్కువ గుర్తున్నది తుఫాను రోజు. సముద్రానికి ఏం దొరుకుతుందా అని ఆవిడ ఆలోచిస్తుంటే, నేను కాగితం మీద "మా ఇంట్లో ధాన్యం ఆరబోసే బరకం ఉందండి. నీలం రంగు" అని రాసి చూపించాను. మర్నాడు నాన్న సైకిలు మీద తెచ్చి పడేశాడు. ఇరవై మంది నాలుగు వైపులా పట్టుకుని ఊపితే అది నిజంగానే సముద్రమైపోయింది. ఎటొచ్చీ దాని మడతల్లోని ఊక, తాలు గింజలు ఒక్కసారిగా పైకి లేచాయి. రాజు తుమ్మాడు. రాక్షసుడు తుమ్మాడు. సముద్రం పట్టుకున్నవాళ్ళంతా తుమ్ముతుంటే అలలు మరీ పెద్దవయ్యాయి. మంగ ఆ గోలలో నిలబడి అరుస్తోంది. "రేయ్, అలకి అడ్డంగా పెట్టకండ్రా! ముక్కు ఎదురు పెట్టండి! ఒరేయ్ శ్రీనూ, రాజువైతే అయ్యావు గానీ తాడొదిలేత్తావేంట్రా!"

మేడం గారు బల్లకి ఆనుకుని, బల్ల అంచు గట్టిగా పట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళు మూసుకున్నారు. బరకాన్ని చూసి కూడా కళ్ళు మూసుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

తుఫాను తరువాత మార్కులు. పడవకి ఇరవై ఇచ్చారు. "మీరు అయిదుగురు. ఎవరికెంతో మీరే పంచుకుని చెప్పండి" అన్నారు. మిగతా పడవలన్నీ తలా నాలుగు అని క్షణంలో చెప్పేశాయి. మా మంగ మాత్రం నేల మీద సుద్దతో గీతలు గీసుకుంటూ కూర్చుంది. ఆఖరికి లేచి నిలబడింది.

"బల్లకి రెండండి. చార్టుకి రెండు. సరంగుకి నాలుగు. మిగతా నలుగురికి తలా మూడు."

"బల్లకా?" అన్నారు మేడం గారు.

"బోటు వాటా తియ్యకుండా ఎలా పంచుతారండి? వేటకెళ్ళొస్తే ముందు బోటుకి, వలకి తీసి పక్కన పెట్టాకే మనుషులకి. బల్ల మన బోటు. చార్టు మన వల. చార్టు, స్కెచ్‌పెన్నులు శ్రీను తెచ్చాడు కాబట్టి వల వాటా ఆడిది."

శ్రీనుకి అయిదొచ్చాయి గానీ వాడి దృష్టి నా మూడు మీద పడింది. "మేడం, ఇది నోరే ఇప్పలేదండి. దీనికెందుకండి మూడు?"

మంగ వాడి వైపు తిరిగింది. "ఒడ్డున కూచుని వల బాగుచేసేవోళ్ళకి వాటా ఉండదేంట్రా? అది రాసింది కాబట్టే కదా నువ్వు మొన్న ఏ ఏషం ఏశావో నీకు గుర్తుంది! మీ మిల్లులో బస్తాలు మోసేవోళ్ళు ప్రసంగాలు చెప్తారా?"

మేడం గారు అంతలా నవ్వడం మేమెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. మార్కుల రిజిస్టరు తెరిచి, మా అయిదుగురి పేర్ల కింద ఆరో గీత గీసి, "బల్ల: 2" అని రాశారు. నెలాఖరున హెడ్మాస్టరు గారు రిజిస్టరు చూసి, "ఈ బల్ల ఎవరండి? కొత్త అడ్మిషనా?" అని అడిగారట. ఆవిడ తడుముకోకుండా, "మంచి స్టూడెంటండి. ఒక్కరోజూ గైర్హాజరు లేదు, కాలొకటి కుంటి" అన్నారట. వారం తిరక్కుండా అటెండరు మేకులూ సుత్తీ పట్టుకొచ్చి మా బల్ల కాలు బాగుచేశాడు. అది దాని వాటా అంది మంగ.

కథ చివరికొచ్చింది. రాజు ఇల్లు చేరాడు. రాణి గుర్తుపట్టింది. ఇక ఊరేగింపు పెడదాం, పూలదండలు ఎవరు తెస్తారు అని మేడం గారు అడుగుతుండగా మంగ లేచింది.

"మేడం, మరి కళాసీలేమయ్యారండి?"

"పడవల్లో వాళ్ళా? దారిలోనే పోయారు కదా నాయనా. కొందరు తుఫానులో, కొందరు రాక్షసుడి చేతిలో. రాజొక్కడే మిగిలాడు."

"అది తెల్సండి. ఇంటికొచ్చాక రాజు ఆళ్ళ ఇళ్ళకి ఎల్లాడా అండి? ఆళ్ళ అమ్మలకీ, పిల్లలకీ చెప్పాడా?"

మేడం గారు నాలుగు పేజీలు తిరగేశారు. తరువాత సంచిలోని లావు పుస్తకం తీసి చివరి కాగితాలు చూశారు. మేమంతా చూస్తున్నాం. ఆవిడ పుస్తకం మూయకుండా వేలు పెట్టి ఉంచి, "ఇందులో లేదు. నాకూ తెలియదు నాయనా" అన్నారు. మాస్టారెవరైనా తెలియదనడం మేమదే వినడం.

"వాటా పంపుంటాడు లేవే. రాజు కదా" అన్నాడు శ్రీను.

"వాటా పంపితే సరిపోద్దా? మనిషి రావద్దా?" అంది మంగ. గొంతు మామూలుగానే ఉంది. గోటితో మాత్రం బల్ల మీద గీతలు గీస్తూనే ఉంది.

శ్రీను మంచివాడే. ఏ మాటనీ కడుపులో దాచుకోలేడు, అంతే. "మేడం, దీని నాన్న పోయాడు కదండి, పోయినేడు సముద్రంలో" అన్నాడు.

ఆవిడకి తెలియదు. మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అందుకే ఆవిడకి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు తిరగబడింది. నలుగురు వెళ్ళారు, ముగ్గురొచ్చారు. బోటు సరంగు మంగకి సొంత మేనమామ. ఆ రోజు నుంచి ఆయన అక్క గుమ్మం తొక్కలేదు. పెద్దకర్మ నాడు కూడా వీధి చివర నిలబడి వెళ్ళిపోయాడు. వేటకెళ్ళొచ్చిన ప్రతిసారీ చేపలు పంపుతాడు, పండక్కి బియ్యం పంపుతాడు. తను రాడు. ఏం జరిగిందో మంగకి గానీ, వాళ్ళమ్మకి గానీ ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా రాలేదు.

మేడం గారు మా బల్ల చివర కూలబడ్డట్టు కూర్చున్నారు. "నీ చేత తుఫాను ఆడించానే తల్లీ" అన్నారు. నాయనా అనలేదు.

"ఆటే కదండి. ఆట బాగుందండి" అంది మంగ. "నేనడిగింది అది కాదండి."

ఇదంతా స్టాఫ్ రూమ్‌లో విన్నారు కాబోలు, ఆ శనివారం బడి వదిలాక ఆవిడ నా దగ్గరికి వచ్చి ఎప్పట్లాగే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. ఈసారి మాట్లాడింది ఆవిడ. "మంగ వాళ్ళ మావయ్య ఉండేది ఎక్కడో నీకు తెలుసా?"

తెలుసు. చిన్న పాయ అవతల, మా లంక పొలం పక్కన. పంటు లేదు. నావలో వెళ్ళాలి.

"నావంటే ఎంతుంటుంది?"

చేతులు చాపి చూపించాను. ఆవిడ నా చేతుల మధ్య జాగాని ఇంకోసారి చూశారు. "నువ్వు రా. నువ్వైతే ఎవరికీ చెప్పవు" అన్నారు.

నావ వాడు ఆవిడని చూసి, "మేడం గారు, ఈత వచ్చాండి?" అన్నాడు.

"పాఠం వచ్చు" అన్నారు ఆవిడ. ఎక్కి, మధ్యలో నేల మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, నా మణికట్టు పట్టుకున్నారు. అవతలికి చేరేసరికి నా చేతి మీద నాలుగు వేళ్ళ అచ్చులున్నాయి.

మంగ మావయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సన్నటి మనిషి. మమ్మల్ని చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ దులిపి వేశాడు.

"నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తానండి" అన్నారు మేడం గారు.

"తెల్సండి. పంటు మీద కళ్ళు మూసుకుంటారు."

"ఆఁ, నేనే. పాఠంలో ఒక చోట ఆగిపోయానండి. మిమ్మల్ని అడుగుదామని వచ్చాను."

"మాకేం తెలుత్తాదండి ఇంగ్లీషు!"

"ఇంగ్లీషు కాదండి. పడవ సంగతి."

ఆవిడ కథంతా చెప్పారు. మాకు నెలన్నర చెప్పిన కథని ఆయనకి పది నిమిషాల్లో చెప్పారు. చేతులు ఊపలేదు, గొంతు మార్చలేదు. ఆయన వల కుడుతూనే మధ్యమధ్యలో అడిగాడు. ఎన్ని పడవలండి? ఏ కాలంలో బయల్దేరారండి? గాలెటుందండి? ఆవిడకి తెలిసినవి చెప్పారు, తెలియనివి తెలియదన్నారు. "అన్నేళ్ళు తిరిగాడంటే ఆ సరంగుకి దారి తెలీదండి" అని తేల్చేశాడు ఆయన. దారం పళ్ళతో తెంపి, "ఆఖరికి ఎంతమందొచ్చారండి?" అన్నాడు.

"ఒక్కడేనండి. రాజొక్కడే."

ఆయన చెయ్యి ఆగింది. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"మరి ఆ మిగతా ఇళ్ళకి ఎల్లాడా అండి?"

"అదేనండి తెలియంది. పుస్తకంలో లేదు. మా క్లాసులో ఒక పిల్ల అడిగింది. జవాబు చెప్పలేకపోయాను."

ఏ పిల్లో ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

"ఎల్లి ఉండడండి" అన్నాడు వల కింద పెట్టి.

"ఎందుకండి?"

"ఎల్లి ఏం చెప్తాడండి ఆడు? చెయ్యి పట్టుకునే ఉన్నాను, జారిపోయిందని చెప్తాడా?"

మేడం గారు మాట కోసం వెతుక్కోవడం నాకు కనిపిస్తోంది. ఎప్పుడూ ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట రాబట్టే మనిషి, తన నోట్లో మాట లేక కొంగు చివర నలుపుతున్నారు. ఆయన కళ్ళు ఎర్రబడుతున్నాయి. ఇంకొక్క క్షణం గడిస్తే ఆయన లేచి లోపలికి వెళ్ళిపోతాడనిపించింది.

"అదే చెప్పమనండి" అన్నాను.

గొంతు నాదేనా అనిపించింది. ఇద్దరూ నా వైపు చూశారు. ఆ పూటకి నేను మాట్లాడింది అంతే. నా చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన మళ్ళీ వల అందుకున్నాడు. "టీ తాగెళ్ళండి" అన్నాడు. తాగాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడకి ధైర్యమొచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ రాలేదు. అలాగే కళ్ళు మూసుకుని నా మణికట్టు పట్టుకున్నారు. రేవులో దిగాక, డబ్బా తీసి, దాన్ని మొత్తం నా చేతిలో బోర్లించారు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మంగ మావయ్య ఊళ్ళోకి రాలేదు. సోమవారం రాలేదు, ఆ వారమంతా రాలేదు. మేడం గారు ఊరేగింపు ఊసెత్తకుండా వ్యాకరణం చెప్పారు. వీధిలో చెప్పుల చప్పుడు వినిపిస్తే చెబుతున్న వాక్యం మధ్యలో ఆగి, మళ్ళీ అందుకునేవారు. తుఫాను ఎప్పుడండి మళ్ళీ అని శ్రీను అడిగితే, పోర్షను ఉంది నాయనా అన్నారు. ఒకరోజు స్టాఫ్ రూమ్‌కి నోటు పుస్తకాలు తీసుకెళ్ళినప్పుడు ఆవిడ ఒక్కరే కూర్చుని ఆ లావు పుస్తకం చివరి పేజీలు మళ్ళీ చదువుతున్నారు. నన్ను చూసి, "మనం వెళ్ళకుండా ఉండాల్సిందా?" అని అడిగారు. పెద్దవాళ్ళు నన్ను ఏదైనా నిజంగా అడగడం అదే మొదలు. తెలియదన్నట్టు తలూపాను. ఆవిడా అలాగే తలూపారు.

తరువాతి శనివారం మధ్యాహ్నం, తిండి బెల్లు తరువాత మొదటి పీరియడు. గుమ్మంలో నీడ పడింది. మంగ మావయ్య. తెల్లచొక్కా వేసుకుని, తడి తల దువ్వుకుని ఉన్నాడు. చెప్పులు వరండా కిందే విడిచాడు. మంగ ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"లోపలికి రండి" అన్నారు మేడం గారు.

"ఒద్దండి. మా పిల్లని పంపుతారా అండి? అక్క ఇంటికెళ్తున్నాను." మంగ వైపు చూసి, "ఒక్కణ్ణీ ఎల్లలేనండి" అన్నాడు.

మంగ బ్యాగు తీసుకుంది. మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. మేడం గారి వైపు చూసింది. ఆవిడ తలాడించారు. వాళ్ళిద్దరూ ఆటస్థలం దాటుకుని వెళ్ళారు, పక్కపక్కన కాదు, అది ముందు, ఆయన రెండడుగుల వెనక. మేడం గారు వాళ్ళు గేటు దాటేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు. ఆ పూట హాజరు పట్టీలో మంగకి హాజరు వేశారు. శ్రీను ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

ఆదివారం ఎలా గడిచిందో నా డైరీలో లేదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం మంగ ఎప్పట్లాగే వచ్చి, ఎప్పట్లాగే మమ్మల్ని జరగమని బల్ల చివర కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జడలు మాత్రం గట్టిగా, నున్నగా అల్లి ఉన్నాయి. మేడం గారు నాలుగు పేజీల పాఠం తీయమన్నారు. చివరి పేరా చదివారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు.

శ్రీను చెయ్యెత్తాడు. వాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "మేడం, మరి ఆ రాజు ఆళ్ళ ఇళ్ళకెళ్ళి ఏం చెప్పాడండి?"

మేడం గారు నోరు తెరిచారు. ఆవిడ మాట్లాడకముందే మంగ లేవకుండానే, వాడి వైపు తిరక్కుండానే జవాబు చెప్పింది.

"చెప్పాడు. నీకెందుకురా?"

శ్రీను కూర్చున్నాడు. మేడం గారు పుస్తకం మూసేశారు. బెల్లుకి ఇంకా పావుగంట ఉంది. "పాఠం అయిపోయింది. పోయి ఆడుకోండి" అన్నారు.